ఉష్ణోగ్రత ఎవరిది? గాలిదా, ఆకుదా, చర్మానిదా?

వాతావరణ సూచనలో రాత్రి కనిష్ఠం 3 డిగ్రీలు అని ఉంటుంది. తెల్లవారి చూస్తే గడ్డి మీద నీళ్లు గడ్డకట్టి ఉంటాయి, లేత ఆకులు నల్లబడి వేలాడుతుంటాయి. సూచన తప్పిందని విసుక్కుంటాం. నిజానికి తప్పలేదు. అది చెప్పింది నేల నుంచి 1.25 – 2 మీటర్ల ఎత్తున, ఎండ పడకుండా గాలి ఆడే తెల్లపెట్టెలో పెట్టిన థర్మామీటర్ సంగతి. కింద గడ్డి ఏమైపోతోందో దానికి తెలియదు.

గదిలోనూ ఇదే తంతు. గోడ మీద థర్మామీటర్ 22 చూపిస్తుంటుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి మాత్రం చలేస్తుంటుంది. థర్మామీటర్ అబద్ధం చెప్పడం లేదు, మనిషీ అబద్ధం చెప్పడం లేదు.

గాలికి ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. ఆకుకి దాని సొంత ఉష్ణోగ్రత ఉంటుంది. చర్మానికి ఇంకొకటి. ఏ వస్తువు ఉష్ణోగ్రతైనా దాని జమాఖర్చు లెక్క తేల్చేదే: లోపలికి ఎంత వేడి వస్తోంది, బయటికి ఎంత పోతోంది, రెండూ ఎక్కడ సమానమవుతాయి. ఈ ఖాతాలో పద్దులు నాలుగే. తాకిన వస్తువుకి పోయేది వహనం, గాలో నీరో మోసుకుపోయేది సంవహనం, దూరాన ఉన్నదానికి కిరణాలుగా పోయేది వికిరణం, ఆవిరి పట్టుకుపోయేది బాష్పీభవనం. చలి గురించి జరిగే వాదనల్లో చాలావరకు ఒక పద్దునే చూసి మిగతా మూడింటినీ మరిచిపోవడం వల్ల వచ్చేవే.

మొదలుపెట్టే ముందు ఒక భాషా చిక్కు. మనకు ఆకుల మీది నీటి బొట్లూ మంచే, పొద్దున కమ్ముకునే తెర కూడా మంచే, పైనుంచి రాలే తెల్లటి పొడీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. ఇక్కడ బొట్లను తుషారం అంటాను. ఆకుల మీద, కారు అద్దాల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకునేదాన్ని తెల్లమంచు అంటాను.

ఇనుము జిల్లుమంటుంది, చెక్క జిల్లుమనదు

రాత్రంతా ఒకే గదిలో ఉన్న చెక్క బల్ల, లోహపు బల్ల ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి. 20 డిగ్రీల గది అయితే రెండూ 20. అయినా లోహం జిల్లుమంటుంది. "ఇనుము చల్లటి వస్తువు" అనుకోవడం తప్పని చాలామందికి తెలుసు, "లోహం మంచి ఉష్ణవాహకం కాబట్టి" అన్న జవాబూ తెలుసు. ఆ జవాబు సగమే.

చర్మం వేరే వస్తువుని తాకిన క్షణంలో రెండూ కలిసిన చోట ఒక రాజీ ఉష్ణోగ్రత ఏర్పడుతుంది. ఆ రాజీలో ఎవరి మాట చెల్లుతుందన్నది వాహకత ఒక్కటే తేల్చదు. ఉష్ణవాహకత, సాంద్రత, విశిష్టోష్ణం, ఈ మూడింటినీ గుణించి వర్గమూలం తీస్తే వచ్చే అంకె తేలుస్తుంది. దాన్ని ఎఫ్యూసివిటీ అంటారు. పలకడానికి కష్టం, అందుకే ఇక్కడ దాన్ని "గుంజుడు" అంటాను. అంతర్జాతీయ ప్రమాణాల్లో చర్మం గుంజుడు సుమారు 1,200. చెక్కది 400, గాజుది 1,400, నీటిది 1,600, గ్రానైట్‌ది 2,400, స్టెయిన్‌లెస్ స్టీలుది 7,700, అల్యూమినియందైతే 24,000. థర్మోకోల్‌ది 35 మాత్రమే.

రాజీ ఉష్ణోగ్రత కనుక్కోవడం తేలిక. ఒక్కో వస్తువు ఉష్ణోగ్రతని దాని గుంజుడుతో గుణించి, రెండూ కూడి, గుంజుళ్ల మొత్తంతో భాగించాలి. చర్మం పైపొర 33 డిగ్రీలు, వస్తువు 20 డిగ్రీలు అనుకుంటే థర్మోకోల్ దగ్గర రాజీ 32.6. చెక్క దగ్గర సుమారు 30, గాజు దగ్గర 26, స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర 21.8, అల్యూమినియం దగ్గర 20.6. అంటే అల్యూమినియంతో బేరంలో చర్మం మొత్తం ఓడిపోయింది. చెక్కతో బేరంలో చర్మానిదే పైచేయి. చర్మంలోని నరాల కొనలకు బల్ల ఉష్ణోగ్రతతో పని లేదు. అవి తెలుసుకునేది తమ సొంత ఉష్ణోగ్రత, అది ఎంత వేగంగా మారుతోందన్నది. ఈ నరాల్లో చలిని పట్టే ప్రోటీను టీఆర్‌పీఎం8. పుదీనాలోని మెంథాల్ కూడా దాన్నే కదిలిస్తుంది కాబట్టి, ఒక్క డిగ్రీ కూడా తగ్గకుండానే నోరు చల్లబడినట్టు ఉంటుంది. వేడికి నొప్పి పుట్టించే టీఆర్‌పీవీ1 సుమారు 43 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది, మిరపలోని కాప్సైసిన్‌కీ మేలుకుంటుంది. ఈ ప్రోటీన్ల మీద పరిశోధనకే 2021లో డేవిడ్ జూలియస్‌కి వైద్య నోబెల్ వచ్చింది. స్పర్శ, ఒత్తిడి ప్రోటీన్లు కనిపెట్టిన ఆర్డెమ్ పటాపుటియన్‌తో కలిపి ఇచ్చారు.

అదే సూత్రంలో 80 డిగ్రీల వస్తువుని పెట్టి చూడండి. చెక్క దగ్గర రాజీ సుమారు 45 డిగ్రీలు, చుర్రుమంటుంది గానీ చెయ్యి తీసేంత వ్యవధి ఉంటుంది. అల్యూమినియం దగ్గర 78, తీసేలోపే బొబ్బ. ఆవిరి స్నానపు గదుల్లో బల్లలు చెక్కతో చేసి, మేకుల తలలు లోపలికి దించడానికి కారణం ఇదే. మైనస్ 10 డిగ్రీలలో చెక్కను పట్టుకుంటే రాజీ 22. అల్యూమినియం అయితే మైనస్ 8. అంటే వేలి మీది చెమట అక్కడికక్కడే గడ్డకట్టి వేలు అతుక్కుంటుంది. అతుక్కుంటే గుంజకూడదు, చర్మం ఊడివస్తుంది. గోరువెచ్చని నీళ్లు పోస్తే వదులుతుంది.

ఈ సూత్రానికి ఒక షరతు ఉంది: వస్తువు మందంగా ఉండాలి. ఓవెన్‌లోంచి తీసిన 200 డిగ్రీల అల్యూమినియం రేకుని వేళ్లతో పట్టుకోగలం, అదే వేడిలో ఉన్న ట్రేని పట్టుకోలేం. రేకు మందం 0.016 మిల్లీమీటర్లు. చదరపు సెంటీమీటర్ రేకులో మన చేతికి అందేంత వేడి 0.6 జౌళ్లకు మించదు. అది మిల్లీమీటర్ మందం చర్మాన్ని రెండు డిగ్రీలు కూడా వేడెక్కించదు. రేకు చాలా వేగంగా ఇస్తుంది, ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు. నీటి ఆవిరిది సరిగ్గా వ్యతిరేకం. 100 డిగ్రీల వేడినీళ్లు ఒక గ్రాము చర్మం మీద 40 డిగ్రీలకు చల్లారితే 250 జౌళ్లు ఇస్తాయి. 100 డిగ్రీల ఆవిరి గ్రాము ముందు నీరుగా మారడానికే 2,260 జౌళ్లు దించుతుంది, ఆ తర్వాత పై 250 అదనం. కుక్కర్ మూత దగ్గర కాలిన చెయ్యి, నీళ్లు చిందిన చెయ్యి కంటే ఎందుకు ఎక్కువ బొబ్బలెక్కుతుందో ఈ అంకెల్లోనే ఉంది.

గోడలు, గాలి, తడి

కిటికీ దగ్గరి చలికి వద్దాం. మామూలు గదిలో కదలకుండా కూర్చున్న మనిషి సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తాడు. దాన్ని వదిలించుకోవడంలో గాలి వాటా కంటే వికిరణం వాటా కాస్త ఎక్కువే, ఇది చాలామంది నమ్మరు. మన ఒళ్లు గోడలకు, కిటికీలకు, పైకప్పుకు ఎడతెగకుండా పరారుణ కిరణాలు పంపుతుంది, అవి తిరిగి పంపుతాయి. అవి చల్లగా ఉంటే తిరిగొచ్చేది తగ్గుతుంది. అందాజుగా చెప్పాలంటే గాలి ఉష్ణోగ్రత, చుట్టూ ఉన్న ఉపరితలాల సగటు, ఈ రెంటి మధ్యన ఉండే అంకె మనకు తెలిసే అంకె. గాలి 22, గోడలు 16 అయితే ఒంటికి తెలిసేది 19.

బయట 0, లోపల 22 ఉన్నప్పుడు ఒంటి పలక గాజు కిటికీ లోపలి ముఖం సుమారు 6 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండు పలకల కిటికీ అయితే 14. ఆ గదిలో తేమ 50 శాతం ఉంటే తుషార బిందువు, అంటే గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, 11 డిగ్రీలు. కాబట్టి ఒంటి పలక మీద నీళ్లు కారతాయి, రెండు పలకల మీద కారవు. చలేస్తోందని హీటర్ పెంచి గాలిని 25కి తీసుకెళ్లడం ఖరీదైన పరిష్కారం. మందపాటి కర్టెన్ దించితే కిటికీ మనకి "కనబడదు", వికిరణం పద్దు అక్కడితో తెగుతుంది. కర్టెన్ అడుగున సందు వదిలితే మాత్రం గాజు దగ్గర చల్లబడి బరువెక్కిన గాలి కిందికి జారి మడమల మీదికి వస్తుంది. మడమలకు తగిలే ఆ చలిని కిటికీ సందుల్లోంచి వస్తోందనుకుని సందులన్నీ మూసేవాళ్లున్నారు. ముందు అగరువత్తి పొగ పట్టి చూడాలి. కిటికీ మూల దగ్గర పొగ అడ్డంగా గదిలోకి తోసుకొస్తే సందు, గాజు వెంట కిందికి జారితే చల్లటి గాజు.

గాలి వేగం చేసే పని వేరు. ఒంటిని అంటుకుని ఒక పలచటి వెచ్చటి గాలి పొర ఉంటుంది, గాలి వీస్తే అది చెదిరిపోతుంది. ఈ నష్టాన్ని అంకెల్లో పెట్టాలని పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్ అంటార్కిటికాలో ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి అవి గడ్డకట్టడానికి పట్టే కాలాన్ని కొలిచి 1945లో ప్రచురించారు. ఇప్పుడు వాడే విండ్ చిల్ (గాలి వేగం వల్ల పెరిగే చలి) సూత్రం 2001లో అమెరికా, కెనడా కలిసి తెచ్చింది. దాని ప్రకారం 2 డిగ్రీల గాలి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వీస్తే "మైనస్ 4లా" అనిపిస్తుంది. అనిపించేది ముఖం చర్మానికి మాత్రమే. అదే గాలిలో పెట్టిన పొడి సీసాలోని నీళ్లు గడ్డకట్టవు. వేగంగా చల్లబడతాయి, 2 దగ్గర ఆగుతాయి. కారు రేడియేటర్‌కి, పైపుకి, మొక్కకి విండ్ చిల్ అంకె చూసి భయపడటం అనవసరం. మొక్క సంగతిలో గాలి నిజానికి మేలు చేస్తుంది, దానికి కిందికి వస్తాను.

సీసా తడిగా ఉంటే కథ మారుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి సుమారు 2,400 జౌళ్లు కావాలి. గంటకు 100 గ్రాముల చెమట ఆరితే 67 వాట్లు పోతాయి, అంటే విశ్రాంతిలో పుట్టే వేడిలో మూడింట రెండు వంతులు. స్నానం చేసి బయటికి రాగానే వణుకు పుట్టేది ఈ పద్దు వల్లే. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మోటారు వేడి వల్ల ఇంకాస్త వేడెక్కిస్తుంది. అది చల్లబరిచేది మనిషిని, అదీ చెమట ఆరనిచ్చి. గాలి చర్మం కంటే వేడిగా, అంటే 35 దాటి ఉన్నప్పుడు, ఫ్యాన్ చర్మం మీదికి వేడిని తోస్తుంది. ఆరే చెమట దానికంటే ఎక్కువ పట్టుకుపోతేనే లాభం. ఒళ్లు పొడిగా ఉన్న వృద్ధులకు అలాంటప్పుడు ఉత్త ఫ్యాన్ చాలదు, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఉండాలి. ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు. కారిపోయిన చెమట దండగ.

రాత్రి ఆకాశం అనే చల్లటి పైకప్పు

ఇక తెల్లమంచు. కిటికీ లెక్కనే ఆరుబయట వేయండి. అక్కడ కిటికీ అంటే ఆకాశం మొత్తం.

5 డిగ్రీల నేల చదరపు మీటరుకు సుమారు 340 వాట్లు పైకి పంపుతుంది. మబ్బులేని పొడి రాత్రి ఆకాశం తిరిగి పంపేది 240 – 260 వాట్లే. ఆకాశం అంటే గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు. 8 నుంచి 13 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) మధ్య తరంగదైర్ఘ్యమున్న కిరణాలకు ఈ వాయువులు అడ్డుపడవు, ఆ సందులోంచి వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. నికర ఖర్చు 80 – 100 వాట్లు. దట్టమైన కిందిమబ్బు కమ్మితే ఆ మబ్బు అడుగు దాదాపు నేలంత వెచ్చగా ఉంటుంది కాబట్టి నష్టం 20 వాట్లకు, ఒక్కోసారి అంతకంటే తక్కువకు పడిపోతుంది. చేతిలో పరారుణ థర్మామీటర్ ఉంటే దాన్ని రాత్రి ఆకాశంలోకి గురిపెట్టి చూడండి. మబ్బుని చూస్తే గాలికి దగ్గరి అంకె చూపిస్తుంది. స్వచ్ఛమైన ఆకాశాన్ని చూస్తే మైనస్ 20, మైనస్ 30, లేదా కొలవలేనంటూ ఎర్రర్ చూపిస్తుంది. రాత్రంతా ఆకు చూసేది ఆ అంకెనే.

ఆకు గాలి కంటే ఎంత చల్లబడుతుంది? 0.3 మిల్లీమీటర్ల మందం ఆకులో చదరపు మీటరుకు 300 గ్రాముల నీరుంటుంది. గాలి నుంచి ఏమీ రాకపోతే, 80 వాట్ల నష్టానికి అది నిమిషానికి నాలుగు డిగ్రీల చొప్పున పడిపోతుంది. అంత పడదు, ఎందుకంటే ఆకు గాలి కంటే చల్లబడగానే గాలే దానికి వేడి ఇవ్వడం మొదలుపెడుతుంది. గాలి నిలిచిపోయిన రాత్రి రెండు ముఖాలకూ కలిపి ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 20 వాట్లు ఇస్తుంది. 80ని 20తో భాగిస్తే 4. కాబట్టి ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే 4 డిగ్రీలు కింద ఆగుతుంది. చిరుగాలి వీచి ఆ 20 కాస్తా 40 అయితే తేడా 2 డిగ్రీలే. మనిషిని వణికించే గాలి ఆకును కాపాడుతుందన్నది ఇందుకే. ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి మనిషి గాలి కంటే వెచ్చగా ఉంటాడు, గాలి అతని దగ్గర తీసుకుంటుంది. రాత్రి ఆకు గాలి కంటే చల్లగా ఉంటుంది, గాలి దానికి ఇస్తుంది.

ఆ పైన ఇంకొకటి కలుస్తుంది. నేలను తాకిన గాలి ముందు చల్లబడుతుంది, బరువెక్కి కిందే ఉండిపోతుంది. పైన పది, పదిహేను మీటర్ల ఎత్తున గాలి కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. కాబట్టి పెట్టెలోని థర్మామీటర్ 3 చూపించేటప్పుడు గడ్డి దగ్గరి గాలి 1 ఉండొచ్చు, గడ్డి పరక మైనస్ 2 ఉండొచ్చు. వాతావరణ సూచనలో 4 డిగ్రీలు, ఆకాశం నిర్మలం, గాలి లేదు అని చూస్తే తెల్లమంచుకి సిద్ధపడాలి. 1 డిగ్రీ, మబ్బు, గాలి అని చూస్తే నిశ్చింతగా పడుకోవచ్చు. ఒక్క అంకె చూసి నిర్ణయించుకోవడం కంటే ఈ మూడూ కలిపి చూడటం మేలు.

తుషారం పైనుంచి కురవదని, వికిరణంతో చల్లబడిన వస్తువు మీద గాలిలోని తేమ చేరడమేనని విలియం చార్లెస్ వెల్స్ 1814లోనే చూపించాడు. తూచిన ఉన్ని కుచ్చులను బల్ల మీద కొన్ని, బల్ల కింద కొన్ని పెట్టి తెల్లవారి మళ్లీ తూచాడు. ఆకాశం కనిపించేవే ఎక్కువ తడిశాయి. కార్ల విషయంలోనూ అంతే. చెట్టు కింద ఆపిన కారు అద్దం శుభ్రంగా ఉంటుంది, పక్కనే ఆరుబయట ఉన్నది తెల్లబడుతుంది. ఆ కారులోనూ ఏటవాలు ముందు అద్దం తెల్లబడినంతగా నిలువుటద్దాలు తెల్లబడవు, వాటికి సగం ఆకాశమే కనిపిస్తుంది. తెల్ల కారు, నల్ల కారు తేడా మాత్రం ఉండదు. పరారుణంలో రెండు రంగులూ దాదాపు ఒకేలా నల్లనివే. వంతెనల మీద ముందుగా మంచు పేరుకోవడానికి కారణం వేరు: మామూలు రోడ్డుకి కింద భూమి వేడి అందుతుంది, వంతెనకు కిందా గాలే.

సాయంత్రం చూడాల్సిన అంకెల్లో తుషార బిందువుకి పెద్దపీట వేస్తాను. ఉపరితలం తుషార బిందువుకి దిగగానే నీరు చేరడం మొదలవుతుంది, చేరిన ప్రతి గ్రాముకీ 2,500 జౌళ్లు విడుదలవుతాయి. గంటకు 0.03 మిల్లీమీటర్ల తుషారం అంటే చదరపు మీటరుకు 20 వాట్లు. నష్టంలో నాలుగో వంతు అలా పూడుతుంది, చల్లబడటం నెమ్మదిస్తుంది. తుషార బిందువు 4, 5 డిగ్రీలుంటే రాత్రి తుషారంతోనే సరిపెట్టుకుంటుంది. మైనస్ 6 ఉంటే బ్రేకు వేసేదేమీ ఉండదు. ఎంత పొడి గాలైతే అంత ప్రమాదం. మరీ పొడిగా ఉంటే తెల్లమంచు కనిపించకుండానే ఆకులు మాడిపోతాయి. తెల్లగా లేదు కదా అని ఊరట పడ్డవాళ్లకు మధ్యాహ్నానికి నల్లబడ్డ చిగుళ్లు కనిపిస్తాయి.

కనిష్ఠం అర్ధరాత్రి రాదు, సూర్యోదయం సమయానికో, ఆ తర్వాత కొద్ది నిమిషాలకో వస్తుంది. వచ్చే ఎండ పోయే వేడిని దాటేదాకా పతనం ఆగదు. తెల్లారిందని హీటర్లు, స్ప్రింక్లర్లు ఆపేసేవాళ్లు నష్టపోయేది అక్కడే.

తోటలో ఏది పని చేస్తుంది, ఏది చెయ్యదు

ముందు మీ చోటు తేడా తెలుసుకోండి. ఒక కనిష్ఠ థర్మామీటర్‌ని గడ్డి కొసల ఎత్తున, ఆకాశం కనిపించేలా, అడ్డంగా పెట్టండి. నాలుగైదు నిర్మలమైన రాత్రుల కనిష్ఠాలు రాసుకుని, సూచనలోని అంకె నుంచి తీసేయండి. వచ్చే తేడా 3 కావచ్చు, పల్లపు చోట 6 కావచ్చు. చల్లటి గాలి నీటిలాగే పల్లానికి పారుతుంది. వాలుకి అడ్డంగా ఉన్న దట్టమైన కంచె దాన్ని చెరువులా నిలబెడుతుంది. కంచె అడుగున ఖాళీ చేసి దారి ఇస్తే, ఒక్క పైసా ఖర్చు లేకుండా ఒకటి రెండు డిగ్రీలు దక్కవచ్చు.

నేల తయారీలో అందరూ తడబడేది మల్చింగ్ దగ్గర. గడ్డి పరిస్తే నేల వెచ్చగా ఉంటుంది, నిజమే. కానీ ఆ వెచ్చదనం పైనున్న మొక్కకి అందదు, వేర్లకే. గడ్డి పొర పైముఖం రాత్రి విపరీతంగా చల్లబడుతుంది, దాని మీది చిగుళ్లు ఏమీ పరచని నేల మీది చిగుళ్ల కంటే ముందు చస్తాయి. వేర్లు కాపాడాలంటే మల్చింగ్, పూత కాపాడాలంటే కలుపు లేని, తడిసిన, గట్టిపడిన నేల. తడి నేల పగలు ఎక్కువ వేడిని దాస్తుంది, రాత్రి పైకి పంపుతుంది. పొడి నేలలో గాలి సందులు దాన్ని దుప్పటిలా ఆపేస్తాయి. అందుకే మంచు భయమున్న రాత్రికి ఒకటి రెండు రోజుల ముందే పై 30 సెంటీమీటర్లు తడిసేలా నీరు పెట్టాలి, ఆ రోజుల్లో నేల తవ్వి గుల్ల చెయ్యకూడదు.

కప్పడంలో పని చేసేది దుప్పటి కాదు, దాని కింద చిక్కిన నేల వేడి. కాబట్టి గుడ్డ నేలదాకా దిగాలి, అంచుల మీద మట్టో రాళ్లో పెట్టాలి. మొక్క తల చుట్టూ గుడ్డ చుట్టి కాండం దగ్గర ముడి వేస్తే నేల వేడిని బయట వదిలేసినట్టే. ఎండ ఇంకా ఉండగానే, నేల చల్లబడకముందే కప్పండి. పలచటి నాన్‌ఓవెన్ (నెయ్యకుండా పోగులు అతికించి చేసిన) గుడ్డ 1 – 2 డిగ్రీలు ఇస్తుంది. మందపాటివి ఇంకాస్త. మామూలు పాలిథీన్ పట్ట పరారుణ కిరణాలను దాదాపు వదిలేస్తుంది. లోపలివైపు తడి పట్టాక మాత్రమే కాస్త ఆపుతుంది. ఆకులకు తగిలిన చోటల్లా వహనంతో చల్లదనం దించుతుంది. పట్టే వాడాలంటే కర్రలు పాతి ఆకులకు తగలకుండా ఎత్తుగా వెయ్యాలి, ఎండ రాగానే తియ్యాలి, లేకపోతే లోపల ఉడికిపోతాయి.

స్ప్రింక్లర్ల పద్ధతి వింతగా ఉంటుంది గానీ లెక్క గట్టిది. గ్రాము నీరు గడ్డకడుతూ 334 జౌళ్లు వదులుతుంది. గంటకు 3 మిల్లీమీటర్ల నీరు పూర్తిగా గడ్డకడితే చదరపు మీటరుకు 278 వాట్లు, ఆకాశం గుంజే 80 – 100 కంటే చాలా ఎక్కువ. మొగ్గ గాజు గోళంలా మంచులో బిగుసుకుని 0 డిగ్రీల దగ్గర క్షేమంగా ఉంటుంది. చిక్కు ఏమిటంటే గ్రాము నీరు ఆవిరైతే 2,500 జౌళ్లు పట్టుకుపోతుంది. అంటే ఆవిరైన ప్రతి గ్రాముకీ ఏడున్నర గ్రాములు గడ్డకడితేనే సరికి సరి. పొడి గాలి వీచే రాత్రి, లేదా పంపు మధ్యలో ఆగితే, ఏమీ చెయ్యని తోట కంటే తడిపిన తోటే ఎక్కువ నష్టపోతుంది. జనరేటర్ డీజిల్ తెల్లారేదాకా సరిపోదని అనుమానం ఉంటే మొదలే పెట్టవద్దు. మొదలుపెట్టే సమయం గాలి ఉష్ణోగ్రతను బట్టి కాదు, తడి బల్బు ఉష్ణోగ్రతను బట్టి, అంటే తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిచ్చిన థర్మామీటర్ చూపించే అంకెను బట్టి. అది 0కి దిగకముందే నీళ్లు పడాలి. తుషార బిందువు మైనస్ 3 అయితే గాలి 1.8 దగ్గర ఉండగా, మైనస్ 6 అయితే 3.3 దగ్గర, మైనస్ 10 అయితే 5 దగ్గర. ఆపడం ఎండెక్కాక తడి బల్బు మళ్లీ 0 దాటి, మంచు వదులై రాలుతున్నప్పుడు.

పొగ వెయ్యడం మీద నాకు నమ్మకం లేదు. పొగ రేణువులు ఎక్కువగా మైక్రాన్ కంటే చిన్నవి. 10 మైక్రాన్ల పరారుణ కిరణాలు వాటి మధ్యనుంచి హాయిగా పోతాయి. పొద్దున అదే పొగ ఎండను మాత్రం అడ్డుకుని కరగడాన్ని ఆలస్యం చేస్తుంది. మంట వేడి పనికొస్తుంది, అది కూడా చిన్న మంటలు చాలా ఉంటేనే. ఒక్క పెద్ద మంట వేస్తే వేడి గాలి విలోమ పొరను చీల్చుకుని పైకి పోతుంది, దాని చోటులోకి చుట్టుపక్కల చల్లటి గాలి వచ్చి చేరుతుంది. పెద్ద పంకాలు విలోమం ఉన్న రాత్రే పని చేస్తాయి, పై వెచ్చటి గాలిని దించి 1 – 3 డిగ్రీలు ఇస్తాయి. ఎక్కడినుంచో చలిగాలి కొట్టుకొస్తున్న రాత్రి పైన వెచ్చటి గాలే ఉండదు, అప్పుడు పంకా దండగ.

ఎంతవరకు తట్టుకుంటుంది అన్నది మొక్క దశను బట్టి. ఆపిల్ నిండు పూతలో మైనస్ 2.2 దగ్గర అరగంట ఉంటే పదింట ఒక పువ్వు పోతుంది, మైనస్ 3.9 దగ్గర తొమ్మిది పోతాయి. 1.7 డిగ్రీల తేడాలో పంట ఉండటమో పోవడమో తేలిపోతుంది. అందుకే ఒక డిగ్రీ ఇచ్చే చిట్కాను కూడా నేను తీసిపారేయను. 0 కిందికి దిగగానే కణాలు గడ్డకట్టవు. స్వచ్ఛమైన నీటి చిన్న బిందువులు మైనస్ 38 దాకా ద్రవంగా ఉండగలవు. ఆకుల మీద ఉండే సూడోమోనాస్ సిరింగే లాంటి బ్యాక్టీరియా మైనస్ 2 దగ్గరే స్ఫటికానికి బీజం వేస్తాయి. మంచు ముందు కణాల మధ్య పుట్టి, కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. ఆకు నల్లబడి వాడటం ఆ ఎండబెట్టడం వల్లే.

పైపుల గురించి రెండు మాటలు

పైపుకి తొడుగు వేశాం, ఇక గడ్డకట్టదు అనుకోవడం పొరపాటు. తొడుగు వేడి పుట్టించదు, పోయే వేడిని నెమ్మదింపజేస్తుంది. 15 మిల్లీమీటర్ల రాగి పైపులో 5 డిగ్రీల నీరు నిలిచి ఉంది, బయట మైనస్ 6 అనుకోండి. తొడుగు లేకుండా నీరు 0కి రావడానికి పావుగంట పైన పడుతుంది, పూర్తిగా గడ్డకట్టడానికి దాదాపు 5 గంటలు. 13 మిల్లీమీటర్ల నురుగు తొడుగు వేస్తే రెండూ సుమారు రెండున్నర రెట్లవుతాయి, గడ్డకట్టడానికి 12 గంటలు. ఒక్క రాత్రికి చాలు, రెండు రోజుల చలికి చాలదు. అప్పుడు నీరు ఖాళీ చెయ్యాలి లేదా హీటింగ్ కేబుల్ చుట్టాలి. పైపు పగిలేది మంచు గడ్డ ఉన్న చోటే కానక్కరలేదు. గడ్డ వ్యాకోచిస్తూ తనకూ, మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటిని నొక్కుతుంది, ఆ ఒత్తిడికి బలహీనమైన అతుకు ఎక్కడుంటే అక్కడ విచ్చుకుంటుంది. కుళాయిని సన్నటి ధారగా వదిలితే పైపు నిలబడేది ఎక్కువగా ఆ ఒత్తిడి తగ్గడం వల్లనే.

పరారుణ థర్మామీటర్‌తో ఇవన్నీ కొలిచేవాళ్లకు ఒక జాగ్రత్త. మెరిసే రాగి, అల్యూమినియం, స్టీలు మీద అది చూపించే అంకె ఆ లోహానిది కాదు, అందులో ప్రతిఫలించే గదిదో ఆకాశానిదో. కొలవాల్సిన చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఐదు నిమిషాలు ఆగి, టేపుని కొలవండి. దూరం కూడా చూసుకోవాలి. పరికరం మీద 12:1 అని రాసి ఉంటే 12 సెంటీమీటర్ల దూరం నుంచి అది సెంటీమీటర్ వ్యాసం ఉన్న చోటుని సగటు తీస్తుంది, మీటరు దూరం నుంచి అయితే 8 సెంటీమీటర్ల చోటుని. ఆకుని మీటరు దూరం నుంచి కొలిస్తే ఆకుతో పాటు నేలనీ కలిపి కొలిచినట్టే.